ఆగడం తెలిసిన మిషన్

అందరూ అడిగేది

పని మానేసి ఇంటిపట్టున ఉంటున్నా ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. మొన్న కూరగాయల బండి దగ్గర బెండకాయలు ఏరుతుంటే మా వెనక వీధిలో ఉండే ఒకాయన పట్టుకున్నాడు.

"పద్మక్కా, జర ఆగు. మా బిడ్డ కదిలే బొమ్మల కోర్సుల చేరింది. పెద్ద వర్క్‌స్టేషనే కొనాలె అంటాంది. గంత పెట్టి కొనాల్నా, మామూలు కంప్యూటర్ సాల్తదా?"

"ముందుగాల బిడ్డ దాంట్ల ఏం జేస్తదో అడిగినవా అన్నా?"

"గదంత నాకేం ఎరుక? నువ్వు చెప్తవనే గదా నిన్ను అడిగేది!"

బండి అబ్బాయి మధ్యలో దూరి, "అక్కా, కంప్యూటర్లు గూడ గిట్లనే ఒక్కొక్కటి విరిచి సూస్తవా? జల్ది కానియ్యి, ఎనకాల జనం నిలబడ్డరు" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వైతే నవ్వాను గానీ ఆ ప్రశ్నకు జవాబు బండి దగ్గర నిలబడి చెప్పేది కాదు. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదివితే చాలు.

నేను చదివింది తొమ్మిదో తరగతి, అదీ సగం. పుట్టింది వరంగల్ కొత్తవాడలో. మా నాయిన మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. తెగిన పోగులు వెతికి ముడి వేయడం నా పని. పెళ్ళయి హనుమకొండకు వచ్చాక ఒక కంప్యూటర్ దుకాణంలో ఊడ్చి తుడిచే పనికి కుదిరాను. ఒకరోజు మెకానిక్ రాలేదు. విప్పిన కంప్యూటర్ బల్ల మీద ఉంది, దాని సొంతదారు ఎదురుగా కూర్చుని కాళ్ళాడిస్తున్నాడు. ఏ వైరు ఎక్కడి నుంచి తీశారో నేను బల్ల తుడుస్తూ చూసి ఉన్నాను గనుక ఎక్కడివి అక్కడ పెట్టాను. బటన్ నొక్కితే తెర వెలిగింది. ఆ వెలుగు చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మగ్గం మీద గుడ్డ రావడానికి పొద్దంతా కొట్టాలి, ఇక్కడ వేలితో నొక్కితే ఒక లోకం లేచి నిలబడింది! ఆ జలదరింపు తర్వాత ఎన్నేళ్ళైనా నన్ను పూర్తిగా విడిచిపోలేదు. చిన్న స్క్రూలు కళ్ళకు ఆనడం మానేసేదాకా ఆ బల్ల దగ్గరే ఉన్నాను.

ఇంగ్లీషు పేర్లు రాయమంటే రాయలేను. కానీ ఎవరింట్లో ఏ మిషన్ పెట్టామో, ఆ గది గోడ ఏ రంగో, ఆ ఇంట్లో చాయ్ ఎలా ఉండేదో ఇప్పటికీ చెప్పగలను.

బియ్యం సేటు చదువు

మా దుకాణం యజమాని కాశీనాథం సేటు. వాళ్ళ తాత తండ్రులది బియ్యం వ్యాపారం. ఆయన కంప్యూటర్లను కూడా బియ్యంలాగే చూసేవాడు. ఎవరైనా వచ్చి "మంచి కంప్యూటర్ కావాలి" అంటే, "ఎవలు తింటరు? ఎంతమంది తింటరు?" అని అడిగేవాడు. కంప్యూటర్ ఎవరు వాడతారు, దాంతో ఏం చేస్తారు అని ఆయన అర్థం. వచ్చినవాళ్ళు తెల్లబోతే నేను విడమరిచి చెప్పేదాన్ని. ఈ పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. మనిషి ఏం కావాలంటున్నాడో తర్వాత, ఏం చేస్తాడో ముందు తెలుసుకోవాలి.

అదే సేటు, దుకాణంలో మూలన పడ్డ సరుకు ఏదైనా ఉంటే మాత్రం ఆ ప్రశ్న అడగడం మరిచిపోయేవాడు.

ఒకసారి ఒక కాలేజీ వాళ్ళు తెప్పించమని చెప్పి, తీసుకోకుండా వదిలేసిన వర్క్‌స్టేషన్ మా దగ్గర మిగిలిపోయింది. నల్లటి ఇనుప పెట్టె, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియో ఆయనకు సేటు దాన్ని అంటగట్టాడు. పెళ్ళికూతురు మీద గులాబీలు రాలడం, ఇద్దరి పేర్లు పావురాల్లా ఎగిరి వచ్చి కలవడం, ఇవీ దానితో ఆయన చేసే పనులు. ఆ పనికి నేను కూర్చిన అసెంబుల్డ్ కంప్యూటర్ చాలు. నిజానికి ఆటలాడే పిల్లలు వాడే గ్రాఫిక్స్ కార్డు వేస్తే ఆ గులాబీలు ఇంకాస్త తొందరగా రాలతాయి కూడా. నాకు మనసొప్పక ఒకరోజు స్టూడియోకు వెళ్ళి ఉన్న మాట చెప్పేశాను.

ఆయన ఏమీ బాధపడలేదు. "అక్కా, నాకు తెల్వదనుకున్నవా? గా మిషన్‌ను గల్మకు ఎదురుంగ పెట్టిన, సూడు. పెండ్లోళ్ళు లోపటికి రాంగనే గదే కనబడ్తది. 'అబ్బో, గింత పెద్ద మిషనా' అని అడ్వాన్స్ ఇస్తాన్నరు. అది పని చెయ్యకున్నా సరే, గట్ల కూసుంటె సాలు."

దానికి దండ వేసి ఉంది. ముందు రెండు అగరొత్తులు. నేను చాయ్ తాగి వచ్చేశాను.

కాబట్టి ఖండితంగా చెప్తున్నాను. పెళ్ళి మిక్సింగుకు, ఆల్బములకు, ఫ్లెక్సీ బోర్డులకు, దుకాణం బిల్లులకు, పిల్లల చదువుకు వర్క్‌స్టేషన్ అక్కర్లేదు. ఆ డబ్బులో కొంత మంచి పవర్ సప్లై మీద, కొంత మంచి తెర మీద పెట్టండి, మిగతాది ఇంట్లో ఉంచుకోండి. నేను చాలా ఏళ్ళు ఇదే నమ్మాను. అసలు ఎవరికీ అక్కర్లేదని, అది గొప్ప కోసం కొనేదేనని అనుకున్నాను. ఆ అభిప్రాయం మారింది ఒక దవాఖానలో. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా.

తుమ్ములతో తెలిసే ఊరు

ముందు మన వరంగల్ గాలి గురించి ఒక మాట చెప్పాలి. ఏ ఊరి కంప్యూటర్‌లోనైనా దుమ్మే ఉంటుంది, మన దగ్గర పంటలుంటాయి. పత్తి సీజన్‌లో మిషన్ మూత తీస్తే ఫ్యాన్ చుట్టూ తెల్లటి దూది, చిన్న దిండులాగా. మిరప సీజన్‌లో మూత తీయక ముందే తుమ్ములు. ఎనుమాముల మార్కెట్ వైపు నుంచి వచ్చిన కంప్యూటర్‌ను నేను కళ్ళు మూసుకుని గుర్తుపట్టేదాన్ని. మిరపకాయల బస్తాలు దించుతుంటే లేచే ఎర్రపొడి గాల్లో తేలి తేలి, కిటికీలు మూసినా సందుల్లోంచి దూరుతుంది. అటువైపు ఇళ్ళల్లో ఆ నెలల్లో ఆడవాళ్ళు కొంగు, మగవాళ్ళు దస్తీ ముక్కుకు కట్టుకునే తిరుగుతారు.

ఆ వైపే ఒక ప్రైవేటు దవాఖాన ఉండేది. మాధవి డాక్టరుగారు అక్కడ విరిగిన దవడలు, చెంప ఎముకలు అతికేవారు. సన్నగా, పొట్టిగా ఉంటారు, మాట మాత్రం కత్తెరతో కత్తిరించినట్టు ఉంటుంది. అక్కడి స్కాన్ గదిలో మా దుకాణం నుంచే వెళ్ళిన వర్క్‌స్టేషన్ ఒకటి ఏళ్ళ తరబడి ఏ ఫిర్యాదూ లేకుండా నడుస్తోంది. స్కాన్ మిషన్ మనిషి తలను దొండకాయ చక్రాల్లాగా సన్నటి పొరలుగా ఫొటోలు తీస్తుంది. ఆ చక్రాలన్నిటినీ మళ్ళీ ఒకదాని మీద ఒకటి పేర్చి, పూర్తి ఎముకల బొమ్మను తెర మీద నిలబెట్టడం ఆ వర్క్‌స్టేషన్ పని.

ఒక మిరప సీజన్‌లో డాక్టరుగారి ఫోన్ వచ్చింది.

"పద్మగారూ, స్కాన్ రూమ్ సిస్టమ్ ఆన్ కావట్లేదు. పేషెంట్ ఉంది. వెంటనే రండి."

ఆటో ఎక్కాను.

రెండు సూదులు

డాక్టరుగారి గది బయట బెంచీ మీద ఒక అమ్మాయి, ఆమె తల్లి కూర్చుని ఉన్నారు. అమ్మాయికి ఇరవై దాటి ఉంటాయి. ఎడమ చెంప ఉబ్బి నల్లబడింది, ఆ పక్క కన్ను కాస్త లోపలికి పోయినట్టుంది. నా చేతిలో పనిముట్ల సంచి చూసి తల్లి చప్పున జరిగి చోటిచ్చింది.

"కూసో బిడ్డా. మిషన్ మంచిగ జేసేటామెవు నువ్వేనట గదా. నీ కోసమే ఎదురుసూస్తాన్నరు."

ఆ తల్లి పేరు నర్సవ్వ, కూతురు రజిత. ములుగు దాటి అడవి పక్క ఊరు. రజిత ఊళ్ళో జాకెట్లు, లంగాలు కుడుతుంది. అంగడికి వెళ్ళి వస్తుంటే కిక్కిరిసిన జీపు మలుపులో ఒరిగింది, ఆమె ముఖం ఇనుప కడ్డీకి కొట్టుకుంది. వాపు దానంతట అదే తగ్గుతుందని ఇంట్లోనే పసుపు పట్టీలు వేసుకుంటూ చాలా రోజులు ఉండిపోయారు.

"నొస్తాందా చెల్లె?" అని అడిగాను.

"నొప్పిదేముందక్కా, అలవాటైంది. నాకు అన్నీ రెండు కనబడతాన్నయి. నువ్వు గూడ ఇద్దరున్నవ్."

"అబ్బ, ఒక్కదాన్ని ఉంటెనే మా ఇంట్ల పడతలేరు."

రజిత నవ్వబోయి చెంప పట్టుకుంది. తర్వాత మెల్లగా అంది. "సూదిల దారం పెట్టబోతె రెండు సూదులు కనబడతాన్నయి. ఏ సూదిల పెట్టాలె? గీ కన్ను గిట్లనే ఉంటె నేను ఇంక కుట్టుడు బంద్ జెయ్యాలె అక్కా."

నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

లోపలి నుంచి డాక్టరుగారు పిలిచారు. ఆమె బల్ల మీద మేమే కూర్చి ఇచ్చిన అసెంబుల్డ్ కంప్యూటర్ ఉంది. స్కాన్ ఫొటోలను దాంట్లో వేసి చూస్తున్నారు. తెర మీద రజిత ఎముకల ముఖం. కన్ను ఉండే గుంట కింద, తల వెంట్రుకంత సన్నగా, ఒక గీత.

"ఇది చూడండి" అన్నారు డాక్టరుగారు. "చెంప ఎముక విరిగింది, అందులో డౌట్ లేదు. రేపు పొద్దున ఆపరేషన్ పెట్టుకున్నాను. ఇప్పటికే ఆలస్యమైంది, ఎముక వంకరగా అతుక్కుపోతోంది. కానీ కన్ను ఈ పలచటి ఎముక మీద ఆనుకుని ఉంటుంది. వెల్లుల్లి పొట్టంత పలచన. అది కూడా విరిగిందా లేదా అన్నదే నాకు తెలియాలి."

"గీత కనిపిస్తోంది కదా మేడం?"

"ఈ కంప్యూటర్ గీతను నమ్మమంటారా? మొన్న దీంట్లోనే ఒకాయన దవడ మీద గీత కనిపించింది. కాసేపు ఆపి మళ్ళీ వేస్తే లేదు. వేడెక్కితే ఇది గీతలు గీస్తుంది."

నిజమే. తెర మీద బొమ్మ గీసే ఆ గ్రాఫిక్స్ కార్డుకు ఆ జబ్బు మొదలైందని నాకూ తెలుసు. కార్డు మార్చాలని చెప్పి ఉన్నాను కూడా. వీడియోలో ఒక గీత వస్తే ఎవరికీ పట్టదు, క్షణంలో పోతుంది. మనిషి ముఖం మీద వస్తే?

డాక్టరుగారు ఫిల్ము తీసి వెలుతురుకు పట్టి చూపించారు. "ఇక్కడ ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. అది విరిగి ఉంటే కింది రెప్ప దగ్గర కోసి, లోపల చిన్న ప్లేటు పెట్టాలి. పెట్టకపోతే కన్ను ఇంకా లోపలికి దిగిపోతుంది, జీవితాంతం రెండు కనబడతాయి. విరగకుండా ఉంటే అక్కడ కత్తి పెట్టకూడదు. ఊరికే కోస్తే రెప్ప కిందికి లాగేసి కన్ను సరిగా మూసుకోదు. అప్పుడు ఆ అమ్మాయిని చెడగొట్టింది నేనవుతాను."

"హైదరాబాద్ పంపితే?"

"పంపుతానన్నాను. ఆమెనే అడగండి."

గుమ్మంలో నిలబడి వింటున్న నర్సవ్వ అందుకుంది. "పట్నంల మాకెవలున్నరమ్మా? గీడికి రానికే మా పాణం మీదికొచ్చింది. నువ్వే సూడు తల్లీ, నువ్వు జేస్తెనే జేసినట్టు."

డాక్టరుగారు నా వైపు తిరిగి, "వినండి మరి" అన్నారు. ఆ రెండు మాటల్లో ఆమె ఎంత బరువు మోస్తున్నారో నాకు తెలిసింది.

యాకూబ్ భాయి ముచ్చట

స్కాన్ గదిలో యాకూబ్ భాయి ఉన్నాడు. పేషెంట్లను బల్ల మీద పడుకోబెట్టేది, దించేది, గది శుభ్రంగా ఉంచేది ఆయనే. గడ్డం నెరిసిన పెద్దమనిషి. ఆ గదిలో ఉన్న వస్తువులన్నిటినీ ఇంట్లో పశువుల్లాగా చూసుకునేవాడు. వర్క్‌స్టేషన్ మూలన బల్ల కింద ఉంది. నేను వంగి చూశాను. దాని ముందువైపు, గాలి పీల్చుకునే జల్లెడ మీద, చారల తువ్వాలు ఒకటి నాలుగు మడతలు వేసి కట్టి ఉంది. ముట్టుకుంటే తడి.

"గిదేంది భాయ్?"

"మిరపకాయల సీజన్ గదా పద్మమ్మా. మనం ముక్కుకు దస్తీ కట్టుకుంటలేమా? గది నోరులేని జీవి, దానికెవలు కడ్తరు? అందుకే నేనే కట్టిన. పొద్దున ఓసారి, పగటీలి ఓసారి తడిపి పెడ్తాన్న. సల్లగ ఉంటదని."

"ఎన్నొద్దుల సంది?"

"సీజన్ మొదలైనకాడ్నించి. ఒక్కరోజు మరువలే, అల్లా కసం."

వెనకే వచ్చిన డాక్టరుగారి ముఖం ఎర్రబడింది. నోరు తెరిచారు. యాకూబ్ భాయి మూతికి కూడా అలాంటి చారల తువ్వాలే కట్టి ఉండటం చూశారో ఏమో, తెరిచిన నోరు మూసేశారు. "విప్పండి పద్మగారూ" అని మాత్రం అన్నారు.

మన ఊళ్ళో తప్ప ఇంకెక్కడా జరగని పొరపాటు అది. ఆ మిషన్ తయారుచేసినవాళ్ళు వేడి గురించి, కరెంటు గురించి అన్నీ ఆలోచించి ఉంటారు. ఒక మనిషి జాలిపడి దాని ముక్కుకు తడి తువ్వాలు కడతాడని ఎలా ఊహిస్తారు?

పెట్టె లోపల

నేను స్క్రూడ్రైవర్ తీశాను. దాని అవసరమే రాలేదు. పక్కన ఒక పిడి ఉంది, లాగితే తలుపు తెరుచుకున్నట్టు మూత చేతిలోకి వచ్చింది. ఏళ్ళ తరబడి మిషన్లు విప్పాను, వేళ్ళు కోసుకోకుండా విప్పింది తక్కువ. ఇది మాత్రం విప్పే మనిషి చెయ్యి గుర్తుంచుకుని కట్టిన ఇల్లు. చేత్తో పట్టుకోదగ్గ ప్రతి చోటా ఒక రంగు గుర్తు. గాలి వచ్చే దారి వేరు, పోయే దారి వేరు. వైర్లు ఎక్కడా వేలాడటం లేదు, మా నాయిన సరిచేసిన పడుగులాగా పక్కపక్కన నడిచి వెళ్ళాయి. ఎర్రపొడి లోపలికి అంతగా పోలేదు కూడా, తువ్వాలు ఆ మేరకు తన పని చేసింది. కానీ గాలాడక వేడెక్కి, తడి ఆవిరై, మిషన్ చేస్తున్న పనిని గుర్తుంచుకునే మెమరీ కార్డుల పళ్ళ మీద పచ్చగా చిలుము పట్టింది.

తుమ్ములు ఆపుకుంటూ బటన్ నొక్కాను. ఫ్యాన్లు గిర్రున లేచి నెమ్మదించాయి. ఒక మెమరీ కార్డు పక్కన గురిగింజంత దీపం పసుపు రంగులో వెలిగింది. తెర మీద ఇంగ్లీషులో ఏదో రాసి వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"ఏమంటాంది మేడం అది?"

డాక్టరుగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. "ఫలానా చోట ఉన్న మెమరీలో తప్పులు వస్తున్నాయట. దాన్ని సరిచేసేదాకా ముందుకు వెళ్ళనంటోంది."

నేను అక్కడే నేల మీద చతికిలపడ్డాను. మీకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. నేను కూర్చే మిషన్లు ఏడ్చే పసిపాపల్లాంటివి. ఎక్కడ నొప్పో చెప్పవు, మనమే ఒక్కొక్కటి తీసి పెట్టి కనుక్కోవాలి. అంతకంటే పెద్ద చిక్కు, చాలాసార్లు అవి ఏడవవు కూడా. లోపల మెమరీ ఒక అంకెను తప్పు చెప్తున్నా, కార్డు తప్పు గీత గీస్తున్నా, ఏమీ జరగనట్టు నవ్వుతూ పని చేసుకుపోతాయి. ఇది అలా కాదు. తను దాచుకున్న ప్రతి మాటనూ తనే సరిచూసుకుంటుంది. చిన్న తప్పైతే దిద్దుకుంటుంది, దిద్దుకోలేనిదైతే ఆగిపోతుంది. నా పరువు పోయినా సరే, తప్పు బొమ్మ మాత్రం చూపించను అని పెట్టెలో కూర్చున్న ఒక వస్తువు అనడం! ఎవరో, ఎక్కడో కూర్చుని, వాళ్ళు ఎన్నడూ చూడని రజిత కన్ను కోసం ఆ బుద్ధి దానికి నేర్పారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

యాకూబ్ భాయి దూది, స్పిరిట్ తెచ్చాడు. దవాఖానలో వాటికి కొదవా? నేను పెన్సిల్ రాసింది చెరిపే రబ్బరుతో మెమరీ కార్డుల పళ్ళు తోమి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ గుచ్చాను. దీపం ఆరలేదు. ఆ కార్డు లోపలే దెబ్బతింది. దాన్ని, దాని జతదాన్ని తీసి పక్కన పెట్టి, మిగతావాటితో మళ్ళీ బటన్ నొక్కాను.

యాకూబ్ భాయి పెదవులు కదులుతున్నాయి. తను చేసిన పని ఆయనకు అప్పటికే అర్థమైంది. ఈసారి పసుపు దీపం వెలగలేదు. తెర నిండా నీలం రంగు పరుచుకుంది.

"బతికింది!" అన్నాడు యాకూబ్ భాయి. కళ్ళు తుడుచుకున్నాడు. మిరప ఘాటుకే అని అందరం అనుకున్నట్టు ఊరుకున్నాం.

ఎముకల ముఖం

సగం మెమరీ లేదు గనుక నెమ్మదిగా నడిచింది. మొదట తెర మీద పొగమంచులాంటి బూడిద రంగు. అందులోంచి నుదురు తేలింది. తర్వాత కంటి గుంటలు, ముక్కు దగ్గర సన్నటి దూలం, పళ్ళ వరస. గోడ అవతల బెంచీ మీద కూర్చున్న అమ్మాయి, ఇక్కడ చర్మం లేకుండా, మాంసం లేకుండా, దీపంలాగా వెలుగుతూ లేచి వచ్చింది. డాక్టరుగారు వేలితో ఇలా అంటే అటు తిరిగింది, అలా అంటే పైకి చూసింది. నేను ఎన్నో తెరలు వెలిగించాను, ఇలాంటిదాన్ని చూడలేదు. మనందరి లోపలా ఇంత అందమైన కట్టడం ఉందా అనిపించింది. మన గుళ్ళల్లో రాతి మీద చెక్కిన జాలీ కిటికీలు ఉంటాయే, కంటి కింద ఎముక అంత సున్నితంగా ఉంది. ఎవరు చెక్కారో.

డాక్టరుగారికి ఆ అందం పట్టలేదు. ఎడమ కన్ను గుంటలోకి బొమ్మను దగ్గర చేస్తూ పోయారు. కింది నుంచి చూశారు, పక్క నుంచి చూశారు. అన్నీ మూసి, మళ్ళీ మొదటి నుంచి వేయించారు.

అక్కడే, అదే చోట, తల వెంట్రుకంత సన్నగా గీత. ఎటు తిప్పినా పోలేదు. కింది నుంచి చూస్తే ఆ ఎముక పెంకు ఒకటి విరిగి కిందికి వేలాడుతోంది.

"ఉంది" అన్నారు డాక్టరుగారు. "విరిగింది."

అంటే మా అసెంబుల్డ్ కంప్యూటర్ చూపించింది నిజమే!

ఆమె లేచి బయటికి వెళ్ళి, రజిత ముందు బెంచీ మీదే కూర్చుని, ఎక్కడ కోస్తారో, ఏం పెడతారో తన చెంప మీద వేలితో గీసి చెప్పారు. రజిత అంతా విని ఒకటే అడిగింది.

"రెండు కనబడుడు పోతదా మేడం?"

"పోవాలనే చేస్తున్నాను. పూర్తిగా పోతుందని ఇప్పుడు మాట ఇవ్వలేను. చేయకపోతే మాత్రం పోదు, అది ఖాయంగా చెప్తాను."

"గట్లయితె చెయ్యి" అంది రజిత. "నువ్వు తెలిసే కోస్తాన్నవ్ గదా. సాలు."

సేటుతో వాదన

మర్నాడు ఆపరేషన్ అయిందని, పెంకు విరిగిన చోటే ప్లేటు పెట్టారని తెలిశాక సేటుకు సంగతంతా చెప్పాను. ఆయన గల్లాపెట్టె మీద చెయ్యి కొట్టాడు.

"సూసినవా పద్మా! మన అసెంబుల్డ్ గూడ గదే గీత సూపెట్టింది. ఇంక గంత పెద్దది ఎందుకు? రేపటి సంది దవాఖానలన్నిటికి ఇదే చెప్పి అమ్ముదాం."

"సేటూ, మన మిషన్ నిజమే చెప్పింది. కానీ అది నిజం చెప్పిందని మనకు ఎట్ల తెలిసింది?"

"గా పెద్దది సూపెడితె."

"మరి?"

సేటు, "నిన్ను ఊడ్చే పనికి పెట్టుకున్ననాడే అనుకున్న, గీమె నా యాపారం ముంచుతదని" అని లోపలికి పోయి, దవాఖానకు పంపాల్సిన మెమరీ కార్డుల కోసం ఫోన్ చేశాడు. ఆయన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నా, ఇలాంటి చోట ఆయన మనిషి.

ఇదీ నా జవాబు. కొత్తగా వచ్చే పిల్లలూ, ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే వేగం గురించి మాట్లాడకండి. వేగం ఇంతకంటే చవకగా దొరుకుతుంది. "ఈ మిషన్ ఒక తప్పు గీత చూపిస్తే ఎవరికి ఏమవుతుంది?" అని అడగండి. ఇంకోసారి చేసుకుంటే సరిపోతుంది అంటే మామూలుదే కొనమనండి, ఎంత ఒత్తిడి చేసినా పెద్దది అమ్మకండి. ఇంకోసారి అనేది లేని పని అయితే మాత్రం, వాళ్ళు వెనకాడినా, వర్క్‌స్టేషన్ కొనాల్సిందేనని గట్టిగా చెప్పండి. ఆ ధరలో ఎక్కువ భాగం అది పని చేసినందుకు కాదు, చేయకూడనప్పుడు ఆగినందుకు. అయితే పెద్ద ధర పెట్టాం గదా అని అది చావదనుకోకండి. గాలి కావాలి, ఎడం కావాలి. మీరు అమ్మిన చోట ఎవరు దాన్ని రోజూ తుడుస్తారో కనుక్కుని, వాళ్ళతో ఒక పూట కూర్చుని చాయ్ తాగి, దానికి ఏం చేయాలో ఏం చేయకూడదో చెప్పి రండి. యాకూబ్ భాయికి ముందే ఎవరైనా ఒక మాట చెప్పి ఉంటే ఆ తువ్వాలు ఆయన మూతికే ఉండేది.

కొత్త మెమరీ కార్డులు రావడానికి కొన్ని వారాలు పట్టింది. వాటిని వేయడానికి నేను వెళ్ళిన రోజే రజితను మళ్ళీ చూపించుకోవడానికి తీసుకొచ్చారు. వాపు పూర్తిగా పోయింది. అప్పుడు తెలిసింది, ఆ అమ్మాయికి చెంపల మీద సొట్టలు పడతాయని. కన్ను రెండో కన్నుతో సమానంగా ఉంది. కింది రెప్ప వెంట్రుకల దగ్గర గీత ఎక్కడుందో నేను వెతుక్కోవాల్సి వచ్చింది.

కొత్త స్కాన్ బొమ్మ తెర మీదికి తెచ్చాక డాక్టరుగారు రజితను లోపలికి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. నర్సవ్వ తొంగిచూసి, "అయ్యో నా బిడ్డా!" అని వెనక్కి గెంతింది. యాకూబ్ భాయి ఆమెకు స్టూలు వేశాడు. తెర మీద ఎముకల ముఖం పళ్ళన్నీ బయటపెట్టి చూస్తోంది, కంటి కింద చిన్న ప్లేటు తెల్లగా మెరుస్తోంది.

"తల కదపకుండా కళ్ళతోనే పైకి చూడు. ఇప్పుడు కిందికి. ఇప్పుడు తెర వైపు" అన్నారు డాక్టరుగారు. "చెప్పమ్మా. ఎన్ని కనబడుతున్నాయి?"

రజిత ముందుకు వంగి, తన పుర్రెను తనే చాలాసేపు చూసింది.

"ఒక్కటే మేడం" అంది. "గీ ఒక్కదాన్నే సూడలేక సస్తాన్న, ఇంక రెండెందుకు?"